"సింపుల్ అండ్ ఇన్నోసెంట్"

మొన్న అప్రైజల్స్ టైములో మా టీమ్‌లో ఓ కుర్రాడి గురించి ఫీడ్‌బ్యాక్ రాయాల్సొచ్చింది. కుర్రాడు బంగారం. పనిలో ఒళ్ళు దాచుకోడు, ఎవరి జోలికీ పోడు. నేను "సింపుల్ అండ్ ఇన్నోసెంట్" అని రాసి పంపేశా. రెండ్రోజులకి ఆన్‌సైట్ మేనేజర్ ఫోన్. "ఇన్నోసెంట్ అంటే? ఇతని మీద ఏమన్నా కంప్లైంట్ వచ్చిందా?" అంటాడు! పైగా మనిషిని సింపుల్ అంటే బుర్ర తక్కువని కూడా అర్థం వస్తుందట. ప్రమోషన్ లిస్టులో ఉన్నవాడికి నేను చేసిన ఉపకారం ఇదీ.

గ్రామర్ తప్పు లేదు, స్పెల్లింగ్ తప్పు లేదు. మరి తప్పెక్కడుంది? ఈ ప్రశ్నని మొదట్లో సీరియస్‌గా పట్టించుకున్నది ఇంగ్లండ్‌లో కూర్చున్న పండితులు కాదు, టోక్యోలో పాఠాలు చెప్పుకునే మేష్టార్లు. హెరాల్డ్ పామర్ 1922లో జపాన్ వెళ్ళాడు. ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో జాబితాలు కట్టి 1933లో ఓ రిపోర్ట్ వేశాడు. ఆయనతో పనిచేసిన హార్న్‌బీ తయారుచేసిన డిక్షనరీ 1942లో టోక్యోలోనే అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు దాన్నే మళ్ళీ వేశారు. మన షెల్ఫుల్లో దుమ్ము పట్టి ఉండే అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. ఇంగ్లీషు ఇంట్లోనే నేర్చుకున్నవాడికి ఇదో సమస్య అనే తట్టదు కదా!

తర్వాత దీనికి సిద్ధాంతం కట్టినవాడు జె.ఆర్. ఫర్త్. ఈయన 1919 నుంచి 1928 దాకా లాహోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్. 1937లో మళ్ళీ ఇండియా వచ్చి గుజరాతీతో పాటు మన తెలుగు మీద కూడా పనిచేశాడు (ఇది చదివి నేను కాస్త పొంగిపోయా). 1951లో రాసిన వ్యాసంలో ఆయన తీసుకున్న ఉదాహరణ ఏంటో తెలుసా? మనిషిని "యాస్" అని తిట్టడం! దాని ముందు సిల్లీ, స్టుపిడ్, అబ్‌స్టినేట్, ఆఫుల్ లాంటి కొన్ని విశేషణాలే వస్తాయని, ఓల్డ్ కంటే యంగ్ ఎక్కువ వస్తుందని చూపించాడు. పక్కన కూర్చునే మాటలు కూడా ఒక మాట అర్థంలో భాగమే అన్నది ఆయన వాదన. 2013లో వచ్చిన వర్డ్‌టువెక్ దగ్గర్నుంచి ఇవాళ్టి లాంగ్వేజ్ మోడల్స్ దాకా అన్నీ ఆ ఐడియా మీదే నిలబడ్డాయి. మనం పొద్దస్తమానం వాడే టూల్స్ వెనక ఓ తిట్టు ఉందన్నమాట :-)

అలాగని మనం రాసేదంతా తప్పని నేనొప్పుకోను. పెళ్ళి ప్రకటనల్లో "ఫెయిర్, హోమ్లీ" అని వేస్తాం. అమెరికావాడికి హోమ్లీ అంటే అందం లేని పిల్ల. బ్రిటిష్ వాడికి ఇంటి వాతావరణం ఉట్టిపడేది. మనవాళ్ళు ఆ రెండోదాన్ని ఇంకాస్త సాగదీశారు, అంతే. మన ఊళ్ళో మనకి అర్థమైనంతకాలం అది మన ఇంగ్లీషే. చిక్కల్లా ఆ కాగితం సముద్రం దాటినప్పుడే.

అమాయకుడు, మెతకమనిషి, నెమ్మదస్తుడు... మనకున్న ఈ తేడాలన్నిటికీ నేను ఒక్క ఇన్నోసెంట్‌తో సరిపెట్టేశా. చివరికి "క్వయట్ అండ్ డిపెండబుల్" అని మార్చి పంపించా. మేనేజర్ వెంటనే ఓకే చేశాడు.

కుర్రాడికి చూపిస్తే, "నేను క్వయటేంటన్నా, క్యాంటీన్‌లో నన్ను చూళ్ళేదా?" అన్నాడు.