మార్లవాయి నుంచి మౌసు దాకా

1943లో మార్లవాయిలో గోండు యువకులకు పంతుళ్లుగా శిక్షణ మొదలైంది. జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగి అప్పటికి మూడేళ్లు. నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన హైమన్‌డార్ఫ్ ఆ కేంద్రాన్ని పెట్టించాడు. మాట గోండీ, అక్షరం దేవనాగరి. కాగితం మీద ఏముందో తెలియక మన తాతలు భూములు పోగొట్టుకున్న కాలం అది. అందుకే ఆ బలపం అంత బరువైనది.

మా తరం పంతుళ్లం ఆ కథ వింటూ పెరిగినవాళ్లం. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000 జనవరిలో 3వ నంబరు జీవో వచ్చింది. టీటీసీ చదివిన మాలో చాలామందికి దాని పుణ్యమానే బడి దొరికింది. (ఆ జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని సంగతి వేరే వ్యాసానికి సరిపడా ఉంది.) శిక్షణలో మాకు నల్లబల్ల మీద గుండ్రంగా రాయడం నేర్పారు, అట్టలతో బోధనోపకరణాలు చేయించారు. కంప్యూటరు మాట ఎవరూ ఎత్తలేదు. 2004లో కేంద్రం తెచ్చిన ఐసీటీ పథకం కూడా ఉన్నత పాఠశాలలకే. గూడెంలోని ప్రాథమిక బడికి అది రాలేదు.

మరి మేమెందుకు నేర్చుకోవలసి వచ్చింది? ఒక పిల్లవాడి ఇంటిపేరు వల్ల. మా బడి రిజిస్టరులో వాడు సిడాం. పట్నంలో దరఖాస్తు నింపినతను చెవికి తోచినట్టు కొట్టేశాడు, వాడు శ్రీరాం అయ్యాడు. కుల ధ్రువపత్రంలో ఒకటి, దరఖాస్తులో ఒకటి ఉండేసరికి గురుకులం సీటు చేయిజారింది. తండ్రి రెండుసార్లు బస్సెక్కి తిరిగి, మూడోసారి వెళ్లలేదు. కుమ్రం భీం పేరునే కొమరం అనీ, కుమురం అనీ తలా ఒకలా రాస్తుంటే మామూలు పిల్లవాడి పేరు ఎవరికి పట్టింది! తాతల నాడు కాగితం రాసేవాడి చేతిలో ఉన్న బతుకు, మా నాటికి మీటలు నొక్కేవాడి చేతికి మారింది, అంతే.

2020 సెప్టెంబరు 1న టీవీలో పాఠాలు మొదలయ్యాక తప్పించుకునే దారి కూడా మూసుకుపోయింది. సెలవు రోజుల్లో నలుగురం ఒకచోట చేరి, ఒక పాత కంప్యూటరు ముందు కూర్చున్నాం. మాలో అందరికన్నా చిన్నవాడికి నలభై.

మొదటి రోజంతా మౌసుతోనే సరిపోయింది. బల్ల అంచు దాకా జరిపి, ఇక చోటు లేదని ఆగిపోయాం. దాన్ని పైకెత్తి మళ్లీ బల్ల మధ్యలో పెట్టుకోవచ్చని, ఎత్తినప్పుడు తెరమీది బాణం కదలదని ఒక ఏడో తరగతి పిల్ల చూపించింది. రెండుసార్లు నొక్కమంటే ఆగి ఆగి నొక్కేవాళ్లం. అది రెండు ఒంటి నొక్కులుగా పోయేది. రెండు పేజీలు కొట్టాక కరెంటు పోయిన రోజు మాత్రం కంట్రోలు, ఎస్ కలిపి నొక్కి దాచుకోవడం ఎవరూ చెప్పకుండానే అలవాటైంది.

తెలుగు టైపింగు దగ్గర మాకు ధైర్యం వచ్చింది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మన వర్ణమాల తెలిసినవాడు చేసిందే. అచ్చులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. కె నొక్కితే క, దానికే షిఫ్ట్ కలిపితే ఖ. అల్పప్రాణం, మహాప్రాణం పక్కపక్కన కాకుండా ఒకే మీటలో కాపురం ఉన్నాయన్నమాట. ఒత్తు మాత్రం తికమక పెట్టింది. 'ఆత్రం' కొట్టాలంటే షిఫ్ట్‌తో ఇ నొక్కితే ఆ, ఎల్‌తో త, డి‌తో పొల్లు, జె‌తో ర, ఎక్స్‌తో సున్న. పొల్లు తర్వాత ర పడగానే త కిందికి దానంతటదే వెళ్లి కూర్చుంది. ఒకటో తరగతిలో మేము చెప్పే పాఠమే ఇది: పొల్లు పెట్టి, పక్క హల్లును కలుపు. ఇరవై ఏళ్లు చెప్పిన పాఠం మాకే తిరిగి అప్పజెప్పినట్టయింది. ఆ సాయంత్రం మా నలుగురి ఇంటిపేర్లూ కొట్టుకున్నాం. తప్పు పోకుండా వచ్చేసరికి చీకటి పడింది.

టీచరు మిత్రులు ఎక్కువగా అడిగేది, పాడైతే ఎలాగ అని. మీట నొక్కితే కంప్యూటరు పాడవదు. పొరపాటున చెరిపింది కంట్రోలు, జెడ్‌తో వెనక్కి వస్తుంది. ఇది ముందే తెలిసుంటే మా భయం సగం తగ్గేది.

ఆ తర్వాత గుంజాల లిపి మీద పడ్డాం. నార్నూర్ మండలం గుంజాలలో ఆ రాతప్రతులు 2006లో వెలుగులోకి వచ్చాయి. 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసారం చేసిన గోండీ లిపి 2017లో యూనికోడ్‌లో చేరితే, గుంజాల గోండీ 2018లో చేరింది. అంటే ఒక్కో అక్షరానికి అన్ని కంప్యూటర్లూ గుర్తించే సంఖ్య వచ్చింది. అయినా మా పాత కంప్యూటరులో తెరిస్తే అక్షరాలకు బదులు ఖాళీ గడులే కనిపించాయి. సంఖ్య ఉంటే చాలదు, ఆ అక్షరం బొమ్మలున్న ఫాంటు కూడా ఉండాలట. ఒక కొత్త ల్యాప్‌టాప్‌లో నోటో వాళ్ల ఉచిత ఫాంటు ఎక్కించాం. గడులు అక్షరాలయ్యాయి.

గూడెం పెద్దాయన ఒకరు ముందుకు వంగి చూశాడు. కళ్లకు ఆనడం లేదన్నాడు. కంట్రోలు పట్టుకుని మౌసు చక్రం తిప్పి పెద్దవి చేశాం. ఇంకా పెద్దవి చేయమన్నాడు. తెర నిండా ఒకే అక్షరం నిలిచేదాకా తిప్పుతూనే ఉన్నాం.