దర్జీకి ముందు: బట్టలు కుట్టేవాని పేర్లు – ఒక పరిశీలన

‘దర్జీ’ ఫారసీ పదం కాబట్టి బట్టలు కుట్టే వృత్తి సైతం ముస్లిం పాలకులతోనే ఈ దేశానికి వచ్చిందనే అభిప్రాయం వలసపాలన కాలపు రచనల్లో కనిపిస్తుంది. తరగతి గదుల్లో అది నేటికీ వినిపిస్తూనే ఉంది. పేరు అరువు వచ్చిందంటే పని కూడా అరువు వచ్చినట్టేనా అన్నది ఇక్కడ ప్రశ్న. మథుర కనిష్కుని శిల్పం మీది పొడవాటి కోటును, అజంతా చిత్రాల్లోని కుట్టిన రవికలను చూసినవారికి ఈ ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే. మిగిలిన సగం పదాల్లో ఉంది.

అమరకోశం శూద్రవర్గంలో నేతగానికి ‘తంతువాయుడు’, కుట్టేవానికి ‘తున్నవాయుడు’, ‘సౌచికుడు’ అనే పర్యాయపదాలు పక్కపక్కనే ఉన్నాయి. సౌచికుడు ‘సూచి’ నుంచి ఏర్పడిన మాట. సూదితో బతికేవాడని అర్థం. తున్నవాయ పదం ఇంతకంటె ఆసక్తికరం. ‘తుద్’ ధాతువుకు పొడవడమని అర్థం; ‘తున్న’ అంటే పొడవబడినది, చినిగినది. చినిగినదానిని తిరిగి నేసేవాడు తున్నవాయుడు. కొత్త వస్త్రాన్ని కత్తిరించి కుట్టడం కంటె పాతదానిని బాగుచేయడమే ఈ పేరులో ముందుకు వస్తోంది. నేతగానికి, కుట్టేవానికి ‘వాయ’ ఉమ్మడి ఉత్తరపదం కావడం గమనార్హం. కుట్టుపనిని నేతకు కొనసాగింపుగా చూసిన కాలపు జాడ అందులో ఉంది.

పాలి వాఙ్మయంలోనూ ఈ వృత్తిదారుడు కనిపిస్తాడు. వినయపిటకంలోని చుల్లవగ్గ వైశాలికి చెందిన ఒక పేద తున్నవాయుని కథ చెబుతుంది. సంఘం కోసం స్వయంగా విహారం కట్టబూనితే, పనితనం లేక గోడ కూలిపోతుంది. దానాలిచ్చేవారికే భిక్షువులు సలహాలిస్తారు, నావంటి పేదవానికి ఎవరు చెబుతారని అతడు వాపోతాడు. ఆ మాట బుద్ధుని చెవిన పడి, నిర్మాణ పనులను పర్యవేక్షించే భిక్షువును నియమించే పద్ధతి ఏర్పడుతుంది. మనుస్మృతి నాలుగో అధ్యాయం ఇదే తున్నవాయుని అన్నాన్ని తినరానివాటిలో చేర్చింది. ఒకచోట అతని ఫిర్యాదు నియమానికి కారణమైంది. మరొకచోట నియమమే అతనిని దూరం పెట్టింది. వృత్తి లేనిచోట ఇటువంటి నియమాలు పుట్టవు.

ఇక తెలుగు విషయం. ‘కుట్టు’ మన సొంత క్రియ. తేలు కుడుతుంది, చెవులు కుట్టిస్తారు, విస్తళ్లు కుడతారు, చొక్కా కుడతారు. మొనగల వస్తువు గుచ్చుకొని దిగడమనే భావమే వీటన్నింటికీ మూలం. అంటే బట్ట ఈ క్రియకు ఒక కర్మ మాత్రమే. పనిముట్ల పేర్లు మరో పొరకు చెందినవి: సూచి నుంచి సూది, కర్తరి నుంచి కత్తెర. సంస్కృత ‘కూర్పాసం’ తెలుగులో ‘కుప్పసం’గా మారింది. దాని మీద చేరిన పొరలో ఫారసీ పైజామా, అరబ్బీ కమీజు, జేబు ఉన్నాయి. బొత్తాము పోర్చుగీసు మాట. ఉడుపుల పేర్లు మారుతూ వచ్చినా క్రియ మాత్రం ఇన్ని శతాబ్దాలుగా కదలలేదు. పని ఇక్కడిదేనని చెప్పడానికి నా దృష్టిలో ఇంతకంటె బలమైన భాషాసాక్ష్యం అక్కరలేదు.

అయితే దర్జీ పదం ఊరికే రాలేదు. ఫారసీలో ‘దర్జ్’ అంటే అతుకు, కుట్టు గీత. అతుకులు వేసేవాడు దర్జీ. సుల్తానుల, మొగలుల దర్బారుల్లో ఒంటికి అతికే దుస్తులకు గౌరవం పెరిగింది; వాటిని కుట్టేవాని దర్బారు పేరు కూడా ఊళ్లలోకి దిగింది. నిజాం రాజ్యంలో పాలనాభాష ఉర్దూ కావడంతో తెలంగాణలో అది మరింత నాటుకుంది.

దర్జీ వృత్తి పేరుగా స్థిరపడినా కులం పేర్లు పక్కనే నిలిచాయి. వెనుకబడిన తరగతుల జాబితాలోని డి వర్గంలో ‘చిప్పోళ్లు (మేర)’ అని ఉంది. ఈ పేరును కన్నడ ‘చిప్పిగ’, మరాఠీ ‘శింపీ’ పదాలతో కలిపి చూడాలి. మరాఠీ రూపం ‘శిల్పి’ నుంచి, ప్రాకృత ‘సిప్పి’ మీదుగా వచ్చింది. చిప్పోళ్లనూ ఆ దారిలోనే నిలపడం సబబని నా అభిప్రాయం. కొబ్బరిచిప్పతో ముడిపెట్టే వ్యాఖ్యానాలకు అర్థపరమైన ఆధారం లేదు. ఈ నిష్పత్తి సరైనదైతే, రాతిని చెక్కేవానికి దక్కిన మాటే గుడ్డను కుట్టేవానికీ దక్కిందన్నమాట. ‘మేర’ను పంటలో గ్రామ వృత్తులవారికిచ్చే ‘మేర’ అనే వాటాతో ఒకటి చేయాలని కొందరికి అనిపించవచ్చు. ధ్వనిసామ్యం ఒక్కటే అందుకు చాలదు.

‘టైలర్’ తీరు వేరు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన ఈ మాటకు మూలార్థం కత్తిరించేవాడు. సౌచికునికి సూది, తున్నవాయునికి చిరుగు, దర్జీకి అతుకు, టైలరుకు కత్తెర. కుట్టుమిషను వచ్చాక ఏ కులంవారైనా బోర్డు కట్టుకోగలిగిన పేరు ఇదే. 1986 నాటి ‘లేడీస్ టైలర్’ చిత్రంలో టైలర్ పురుషుడే. ‘లేడీస్’ కుట్టించుకునేవారిని సూచిస్తుంది. ఇంట్లో మిషను పెట్టుకొని ఇరుగుపొరుగువారి రవికలు కుట్టి సంసారాన్ని నెట్టుకొచ్చే స్త్రీలకు పైన చెప్పిన పేర్లలో ఒక్కటీ వాడుకలో నిలవలేదు. ఆమెను ఏమంటారని ఊళ్లో అడిగితే వచ్చే జవాబు నామవాచకం కాదు: “మిషను కుడుతుంది.”