యమలోకంలో సమ్మె

భవానీ దీక్షల విరమణ, క్రిస్మస్ కొన్నేళ్లు దాదాపు ఒకే వారంలో పడతాయి. అప్పుడు విజయవాడ భవానీపురం రోడ్ల మీద ఇంద్రకీలాద్రి దారి పట్టిన ఎర్రబట్టల గుంపులు, డాబాల మీద వెలుగుతున్న క్రిస్మస్ స్టార్లు కలిసే కనిపిస్తాయి. ఆ సెలవుల్లో ఇంగ్లీషు సినిమా పెట్టుకుంటే మాత్రం ఎక్కువసార్లు తగిలేది ఒకటే కథ. డబ్బు తప్ప మరోటి పట్టని మనిషి దగ్గరికి రాత్రిపూట దయ్యాలొస్తాయి, తెల్లారేసరికి అతను మారిపోతాడు.

ఈ కథ కోపంలోంచి పుట్టింది. 1843లో ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లల మీద వచ్చిన ప్రభుత్వ నివేదిక చదివి చార్లెస్ డికెన్స్ మొదట ఒక కరపత్రం రాద్దామనుకున్నాడు. కరపత్రం కన్నా కథే గట్టిగా తగులుతుందనిపించి, ఆరు వారాల్లో ‘ఎ క్రిస్మస్ కేరల్’ పూర్తి చేశాడు. డిసెంబరు 19న పుస్తకం వచ్చింది. క్రిస్మస్ లోపే 6,000 ప్రతులు చెల్లిపోయాయి. అట్టలకీ బొమ్మలకీ ఖర్చు ఎక్కువ పెట్టడంతో, పిసినారి కథ రాసిన మనిషికి అనుకున్న లాభం మాత్రం రాలేదు.

1988లో రిచర్డ్ డానర్ తీసిన ‘స్క్రూజ్డ్’ ఆ పిసినారిని న్యూయార్క్ టీవీ కంపెనీ అధిపతిని చేసింది. బిల్ ముర్రే వేసిన ఆ బాసు, ఎదురుమాట చెప్పిన ఉద్యోగిని పండగ ముందే పీకేస్తాడు. సెక్రటరీని ఇంటికి పోనివ్వడు, ఆమె కొడుక్కి మాట రాదన్న సంగతీ అతనికి పట్టదు. రీగన్ కాలపు అమెరికా మీద అది మంచి చురకే. కానీ చివరికి జరిగేదేమిటి? బాసు మనసు మారుతుంది. మారకపోతే ఆ సెక్రటరీ గతి ఏమిటో సినిమా చెప్పదు.

చావునీ నవ్వునీ కలిపిన కథ మనకీ ఉంది, దారి మాత్రం వేరు. దాని మూలం బెంగాల్లో ఉంది. 1958లో భాను బందోపాధ్యాయ్ నటించిన ‘జమాలయే జీబంత మానుష్’ ఆధారంగా సి.పుల్లయ్య 1960లో ‘దేవాంతకుడు’ తీశారు. ఎన్టీఆర్ హీరో, ఎస్వీ రంగారావు యముడు. అది ఆడింది కదా అని అదే బాటలో ‘యమగోల’ పేరుతో ఇంకోటి తీయాలని పుల్లయ్యకి ఉండేది. కథ కుదరలేదు. పేరు మాత్రం చేతులు మారుతూ చివరికి ఛాయాగ్రాహకుడు, నిర్మాత ఎస్.వెంకటరత్నం దగ్గరికి చేరింది. డి.వి.నరసరాజు రచన, తాతినేని రామారావు దర్శకత్వం.

మొదట బాలకృష్ణ హీరోగా, ఎన్టీఆర్ యముడిగా అనుకున్నారని చెబుతారు. యముడికి కైకాల సత్యనారాయణే సరి అని ఎన్టీఆర్ అన్నారట. అలా 54 ఏళ్ల వయసులో కుర్ర హీరో సత్యం వేషం ఆయనే కట్టారు. ఎన్టీఆర్‌ది నిమ్మకూరు, సత్యనారాయణది కౌతరం, దర్శకుడిది కపిలేశ్వరపురం. ముగ్గురూ కృష్ణా జిల్లావాళ్లే. ఆ యమలోకంలో డెల్టా ఊళ్ల రచ్చబండ గొంతు నాకు వినిపించడానికి అదీ ఒక కారణమేమో.

సినిమా 1977 అక్టోబరులో విడుదలైంది. ఎమర్జెన్సీ ఎత్తేసి ఏడు నెలలు. చచ్చి పైకి వెళ్లిన సత్యం తన పాపాల చిట్టా చూసుకుని కుమిలిపోడు. యమకింకరులను పోగేసి, మీ హక్కులేమిటని నిలదీస్తాడు. యూనియన్ పెట్టించి సమ్మె చేయిస్తాడు. తరతరాలుగా ఎదురులేని ప్రభువు గద పట్టుకుని నోరు తెరిచి చూస్తుంటాడు. సత్యనారాయణ కళ్లు పెద్దవి చేసి ‘యముండ!’ అని గర్జిస్తే కింకరులు వణకాలి, ఇక్కడ వాళ్లు నినాదాలిస్తారు. అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడు ఏ ఆఫీసులోనైనా కనిపించే హెడ్ గుమస్తాయే. ఆ తర్వాత యముడే భూలోకానికి దిగొచ్చి మనుషుల చేతిలో నానా అగచాట్లూ పడతాడు.

డికెన్స్ దారిలో పైలోకంవాళ్లు దిగివచ్చి మనిషిని బాగుచేస్తారు. నరసరాజు దారిలో మనిషే పైకెళ్లి అక్కడి సర్కారును బాగుచేయబోతాడు. నా ఓటు రెండోదానికే. జీతం పెరగడం దొరగారి దయ మీద ఆధారపడితే, దొర మళ్లీ మారితే ఏం చేస్తాం?

అయితే మనవాళ్లూ ఆ పదును నిలుపుకోలేదు. ‘స్క్రూజ్డ్’ వచ్చిన 1988లోనే ‘యముడికి మొగుడు’ వచ్చింది. చిరంజీవి పాత్రను ఆయువు తీరకుండానే పైకి తెచ్చేస్తారు. ఆఫీసు తప్పుకి బలైన పౌరుడి గొడవ అది, బాగానే నవ్విస్తుంది. కానీ అడిగేది తన ఒక్కడి ప్రాణం, కింకరుల సంగతి ఎవరూ ఎత్తరు. 1994లో ‘యమలీల’ నాటికి యముడు పోగొట్టుకున్న పుస్తకం కోసం బ్రహ్మానందం చిత్రగుప్తుణ్ణి వెంటేసుకుని భూమ్మీద తిరుగుతూ, హిమక్రీములకు అలవాటు పడతాడు. అప్పటికి ఆర్థిక సంస్కరణలొచ్చి మూడేళ్లు. థియేటర్లో పిల్లలు ఈలలేశారు, సమ్మె ఊసు ఎవరికీ గుర్తు రాలేదు.