బైపోలార్ రుగ్మత: గమనం, చికిత్స – ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:
• బైపోలార్ రుగ్మతను ఒక ప్రత్యేక వ్యాధిగా గుర్తించిన క్రమం
• లిథియం చికిత్స రుజువైన తీరు
• భారతదేశంలో ఈ వ్యాధి గమనంపై జరిగిన పరిశోధన, గ్రామీణ ప్రాంతాలకు దాని ప్రాముఖ్యం

1. పరిచయం

నెల్లూరు జిల్లా విడవలూరు వంటి తీర గ్రామంలో ఒక యువకుణ్ణి ఊహించుకోండి. నెల రోజులపాటు అతనికి నిద్ర పట్టదు, మాట ఆగదు. అప్పు చేసి రొయ్యల చెరువులు కౌలుకు తీసుకుంటాడు. ఆరు నెలల తరువాత మంచం దిగడు, అన్నం ముట్టడు. మొదటి స్థితిని ఊరివాళ్లు ‘గాలి సోకింది’ అంటారు, రెండోదాన్ని ‘బద్ధకం’ అంటారు. ఈ రెండూ ఒకే వ్యాధికి చెందిన దశలని తెలియాలంటే, రెండింటినీ చూసినవారు ఒక్కచోట రాసి పెట్టి ఉండాలి. బైపోలార్ రుగ్మత చరిత్ర ప్రధానంగా అలా రాసి పెట్టుకున్నవారి చరిత్ర.

2. వ్యాధికి పేరు ఏర్పడిన క్రమం

ఉన్మాదం, విషాదం అనే స్థితులు ప్రాచీన వైద్యులకు తెలుసు. అవి ఒకే మనిషిలో వంతులవారీగా వచ్చే ఒకే వ్యాధి అని 1854లో పారిస్‌లో ఫాల్రే, బైయార్జే అనే ఇద్దరు వైద్యులు వేర్వేరుగా ప్రతిపాదించారు. జర్మనీ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ ఒక్కో రోగికి ఒక్కో కార్డు పెట్టి, రోగి ఆసుపత్రి నుంచి వెళ్లిపోయిన తరువాత కూడా వివరాలు సేకరించాడు. 1899లో వెలువడిన తన గ్రంథం ఆరో ముద్రణలో ‘మానిక్ డిప్రెసివ్’ వ్యాధిని, నేడు స్కిజోఫ్రేనియా అంటున్న వ్యాధి నుంచి వేరు చేశాడు. ఆ రోజు కనిపించే లక్షణాలకంటే ఏళ్ల తరబడి వ్యాధి నడిచే తీరే ఈ విభజనకు ముఖ్య ఆధారం. 1966లో ఆంగ్‌స్ట్, పెరిస్‌ల వేర్వేరు అధ్యయనాలు కేవలం కుంగుబాటు మాత్రమే వచ్చేవారిని, రెండు దశలూ వచ్చేవారిని విడదీశాయి. 1980 నాటి అమెరికన్ వర్గీకరణలో ‘బైపోలార్’ అనే పేరు స్థిరపడింది.

3. మద్రాసు ప్రెసిడెన్సీలో పరిస్థితి

నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు పాలనలో ఉండేది. మద్రాసులో 1794లోనే ఒక పిచ్చాసుపత్రి ఏర్పడింది. 1871లో అది కీల్పాక్‌కు మారింది. 1912 నాటి భారత ఉన్మాద చట్టం ప్రకారం ప్రవేశాలు ప్రధానంగా మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో జరిగేవి. అందువల్ల వీధిలో అల్లరి చేసిన మనిషి ఆసుపత్రి రికార్డులోకి ఎక్కాడు. ఇంట్లో మూలన కూర్చుని కుంగిపోయినవారు ఏ రికార్డులోనూ చేరలేదు. ఉద్రేకం తగ్గి ఇంటికి వెళ్లినవారి తరువాతి జీవితం కూడా అంతే. వ్యాధిలో ఒక ముక్క మాత్రమే ప్రభుత్వానికి కనిపించింది.

4. లిథియం: రుజువు కోసం పోరాటం

ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియం లవణాలను గినీ పందులపై, తరువాత తనపై పరీక్షించుకుని, ఉన్మాద స్థితిలో ఉన్న 10 మంది రోగులకు ఇచ్చాడు. ఫలితాలను 1949లో ప్రచురించాడు. ఏళ్ల తరబడి ఉన్మాదంతో బాధపడిన అతని మొదటి రోగి కోలుకుని 1948లో ఇంటికి వెళ్లాడు. బాగుందని మందు మానేశాడు, వ్యాధి తిరగబెట్టింది. మళ్లీ మందు మొదలుపెట్టారు. 1950లో లిథియం విషప్రభావంతోనే అతను మరణించాడు. మందు మానితే వచ్చే ప్రమాదం, మోతాదు మించితే వచ్చే ప్రమాదం, రెండూ ఆ ఒక్క జీవితంలో కనిపిస్తాయి.

అదే 1949లో అమెరికాలో గుండె రోగులు ఉప్పుకు బదులు వాడిన లిథియం క్లోరైడ్ వల్ల మరణాలు సంభవించి, ఆ సరుకును మార్కెట్ నుంచి తొలగించారు. రక్తంలో లిథియం స్థాయిని కొలిచే పద్ధతి వాడుకలోకి వచ్చాకే ఈ మందు నమ్మదగినదైంది.

డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ 1954లో ఉన్మాదంపై దీని ప్రభావాన్ని ప్లాసిబోతో పోల్చి పరీక్షించాడు. ఇది మళ్లీ రాకుండా కూడా కాపాడుతుందని ఆయన, బాస్ట్రప్ చెప్పినప్పుడు, ఇదొక భ్రమ అని 1968లో లండన్ పరిశోధకులు విమర్శించారు. జవాబుగా 1970లో, అప్పటికే లిథియం వాడుతున్న 84 మంది స్త్రీలతో ఒక పరీక్ష జరిగింది. ప్లాసిబోకు మార్చిన 39 మందిలో 21 మందికి ఐదు నెలల్లోనే వ్యాధి తిరగబెట్టింది. లిథియం కొనసాగించిన 45 మందిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు.

5. భారతదేశంలో గమన పరిశోధన

మదురైలో ఎ. వెంకోబారావు, నమ్మాళ్వార్ 122 మంది కుంగుబాటు రోగులను ఏళ్ల తరబడి అనుసరించి, 1977లో ఫలితాలు ప్రకటించారు. తూర్పు భారతదేశ రోగులపై 1992లో వచ్చిన అధ్యయనంలో కుంగుబాటు దశలకంటే ఉన్మాద దశలే ఎక్కువగా కనిపించాయి. అమెరికాలో 146 మందిని సుమారు 13 ఏళ్లు గమనించి 2002లో జడ్ బృందం ప్రచురించిన ఫలితం ఇందుకు భిన్నం. అక్కడి రోగులు దాదాపు సగం వారాలు లక్షణాలతోనే గడిపారు, అందులో కుంగుబాటు వాటా ఉన్మాదానికి మూడు రెట్లకు పైగా ఉంది.

ఈ తేడాకు వాతావరణం వంటి కారణాలు సూచించినవారున్నారు. ఆసుపత్రి దాకా రాని కుంగుబాటు లెక్కలోకి రాదన్నది మరో వివరణ. మూడో భాగంలో చూసిన సమస్యే ఇక్కడ మరో రూపంలో ఎదురవుతోంది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రుగ్మత ఉన్నవారిలో సుమారు 70 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు.

6. గ్రామస్థాయిలో అన్వయం

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైనప్పుడు ఎంపికైన తొలి నాలుగు జిల్లాలలో మెదక్ ఒకటి. రోగి దగ్గరికే వైద్యం చేరాలన్నది దాని ఆశయం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది, చికిత్స పొందడాన్ని హక్కుగా గుర్తించింది.

అయితే మందు చేరితే సరిపోదు. చెమట ఎక్కువగా పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినప్పుడు మూత్రపిండాలు లిథియంను నిలిపివేస్తాయి, రక్తంలో దాని స్థాయి పెరుగుతుంది. కొన్ని నొప్పి మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి. రోహిణి కార్తె ఎండలో పొలంలోనో, చెరువు గట్టు మీదో పనిచేసే విడవలూరు మనిషికి వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు, మాట తడబాటు కనిపిస్తే వడదెబ్బ అని వదిలేయకుండా వెంటనే వైద్యుడికి చూపించాలి. సాధారణంగా రక్తంలో స్థాయి లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. అది తెలియాలంటే క్రమం తప్పని రక్తపరీక్ష కావాలి. మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు కూడా అవసరం.

తారీకులు, నిద్ర గంటలు, మందు మానిన రోజులు, రక్తపరీక్ష అంకెలు ఒక నోటు పుస్తకంలో రాసే కుటుంబం, క్రేపెలిన్ కార్డులు చేసిన పనినే చేస్తోంది. డాక్టరు మారినా, ఆసుపత్రి మారినా ఆ పుస్తకం రోగి వెంట ఉంటుంది.

7. సారాంశం

ఏళ్ల గమనాన్ని నమోదు చేయడం వల్లనే బైపోలార్ రుగ్మతకు గుర్తింపు, లిథియంకు రుజువు లభించాయి. మన ప్రాంతంలో రోగుల రికార్డు తొలినుంచీ అసంపూర్ణంగా ఉంది. ఆ లోటు తీరే వరకు చికిత్స తెలిసినా అందరికీ ఫలించదు.

నమూనా ప్రశ్నలు

1. క్రేపెలిన్ విభజనకు వ్యాధి గమనం ఎలా ఆధారమైంది?
2. 1970 నాటి పరీక్ష విమర్శకులకు ఎలా సమాధానమిచ్చింది?
3. భారతీయ, అమెరికన్ అధ్యయనాల మధ్య తేడాకు గల కారణాలను చర్చించండి.
4. మీ మండలంలో లిథియం వాడే రోగికి రక్తపరీక్ష ఎక్కడ అందుతుందో తెలుసుకుని ఒక పేజీ నివేదిక రాయండి.