మన టీవీ కామెడీల చుట్టరికాలు

ఫ్రెండ్స్ చూసినవాళ్ళకి ఫీబీ కవల సోదరి అర్సులా గుర్తుండే ఉంటుంది. ఈ అర్సులా పుట్టింది ఫ్రెండ్స్ లో కాదు. 1992లో మొదలైన 'మ్యాడ్ ఎబౌట్ యూ' అనే వేరే కామెడీలో ఆవిడ ఒక మతిమరుపు వెయిట్రెస్. వేసింది లీసా కుడ్రోనే. 1994లో ఆవిడే ఫ్రెండ్స్ లో ఫీబీగా వచ్చేసరికి చిక్కొచ్చి పడింది. రెండూ ఎన్.బి.సి. ఛానెల్లోనే, అదీ ఒకే రాత్రి పక్కపక్కనే. ఒకే మొహం అరగంట తేడాలో రెండు పేర్లతో కనపడితే జనం తికమకపడరూ? అందుకని "వాళ్ళిద్దరూ కవలలు" అని తేల్చేశారు. మన భాషలో చెప్పాలంటే బగ్ ని ఫీచర్ చేసి రిలీజ్ చేసేశారన్నమాట :-)

అదే ఏడాది నవంబర్ 3న ఇంకో తమాషా చేశారు. 'మ్యాడ్ ఎబౌట్ యూ'లో హీరో చేసిన నిర్వాకానికి న్యూయార్క్ లో కరెంటు పోతుంది. ఆ తర్వాత వచ్చిన ఫ్రెండ్స్ లోనూ కరెంటు లేదు, ఛాండ్లర్ ఏటీఎం గదిలో ఇరుక్కుపోతాడు. అదే రాత్రి వచ్చిన ఇంకో కామెడీలోనూ చీకటే. ఆ వరసలోనే ఉన్న సైన్ ఫెల్డ్ వాళ్ళు మాత్రం మేం రామన్నారు. ఇదంతా దేనికంటే, ఒక కార్యక్రమం అయిపోగానే ప్రేక్షకుడు రిమోట్ నొక్కకుండా ఉండటానికి. పైకి సరదా, లోపల లెక్క.

మన తెలుగు టీవీ కామెడీల్లో ఇలాంటివి ఎందుకు లేవు అని చాలామంది అడుగుతుంటారు. ఉన్నాయండీ, కాకపోతే మన పద్ధతి వేరు. వాళ్ళ దగ్గర పాత్ర ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి వెళుతుంది. మన దగ్గర మనిషి వెళతాడు, పాత్ర అక్కడే ఆగిపోతుంది. ఇది ఈ మధ్య పుట్టిన అలవాటు కాదు, టీవీ కంటే ముందునుంచీ ఉన్నదే. దాని మూలాలు బెజవాడలోనే చాలా కనపడతాయి.

మా భవానీపురం నుంచి బస్సెక్కి ఊళ్ళోకి వస్తే గాంధీనగర్ లో హనుమంతరాయ గ్రంథాలయం ఉంటుంది. పేరుకి గ్రంథాలయమే గానీ నాటకాలకి పెట్టింది పేరు. బందరు రోడ్డు వైపు వెళితే పున్నమ్మతోటలో ఆకాశవాణి. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. రేడియోకి నాటక విభాగంలో సొంత కళాకారులు ఉండేవారు. నండూరి సుబ్బారావు గారి లాంటి గొంతులు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంటింటికీ తెలుసు. ఒక వారం పిసినారి మావగారు, ఇంకో వారం మహారాజు, గొంతు మాత్రం అదే. వినేవాళ్ళకి పాత్ర పేరు గుర్తుండకపోయినా గొంతు గుర్తుండేది. ఎందుకంటే నాటకం ఒకసారి ప్రసారమైపోతే మళ్ళీ కావాలన్నప్పుడు వినే దారి లేదు. ప్రతివారం తిరిగొచ్చేది ఆ మనిషి ఒక్కడే.

ఆ రేడియో కేంద్రంలో పనిచేసినవారే సుత్తి వీరభద్రరావు గారు. ఇంటిపేరు మామిడిపల్లి. 1982లో జంధ్యాల 'నాలుగు స్తంభాలాట' తీసినప్పుడు ఆయనా, కృష్ణా జిల్లాకే చెందిన వేలు గారూ జంటగా వేసిన పాత్రలు ఎంత పేలాయంటే, 'సుత్తి' అన్నది ఇద్దరికీ ఇంటిపేరైపోయింది. ఆ తర్వాత వాళ్ళు ఏ సినిమా చేసినా, ఎవరు తీసినా, టైటిల్స్ లో సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు అనే పడేది. ఆ పాత్రలు ఆ సినిమాలోనే ఉండిపోయాయి. దాని గుర్తు మాత్రం మనుషులతోపాటు ఊరేగింది. అమెరికావాడైతే ఆ రెండు పాత్రల్ని తీసుకెళ్ళి ఇంకో కథలో పెట్టేవాడు. మనం పేరు ముందు ఒక మాట అతికించి పంపేశాం.

దూరదర్శన్ వచ్చాక కూడా ఇదే కథ. 1980ల్లో హైదరాబాద్ దూరదర్శన్ లో 'పకపకలు' కార్యక్రమంతో బ్రహ్మానందం గారు, 'ఆనందో బ్రహ్మ' ధారావాహికతో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు జనానికి తెలిశారు. తర్వాత ఏమైంది? ఇద్దర్నీ జంధ్యాల సినిమాల్లోకి తెచ్చుకున్నారు. ఒకరికి 'అహ నా పెళ్ళంట' (1987), ఇంకొకరికి 'జయమ్ము నిశ్చయమ్మురా' (1989). టీవీలో చేసిన పాత్రలు వాళ్ళతోపాటు రాలేదు. ఈరోజు అరగుండు అనగానే బ్రహ్మానందం మొహం కళ్ళముందుకొస్తుంది. పకపకల్లో ఆయన ఏం చేశారో చెప్పమంటే మన వయసువాళ్ళలో ఎంతమంది చెప్పగలరు?

నాకు అసలు విషయం ఇక్కడే ఉందనిపిస్తుంది. ఒక కామెడీ ఇంకో కామెడీని గుర్తుచేయాలంటే, ఆ రెండోది జనం జ్ఞాపకంలో ఇంకా బతికి ఉండాలి. రిఫరెన్స్ అంటే పాయింటర్ లాంటిది కదా. అటువైపు మెమరీ ఖాళీ చేసేస్తే పాయింటర్ ఉండి ఏం లాభం? తెలుగులో అందరూ మళ్ళీ మళ్ళీ చూసింది సినిమాని. థియేటర్లో, వీసీఆర్ లో, కేబుల్ లో, ఆదివారం టీవీలో. అందుకే మన టీవీ కామెడీ ఎప్పుడూ సినిమాకే పాయింట్ చేస్తుంది. కంకిపాడు కోట శ్రీనివాసరావు గారు 'అహ నా పెళ్ళంట'లో కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తిన్న సీను ఉంది కదా. ఏ స్టేజీ మీద ఎవడు ఒక బొమ్మకోడిని వేలాడదీసినా డైలాగు లేకుండానే జనం నవ్వేస్తారు. అలా నవ్వించగల టీవీ సీను ఒక్కటి చెప్పమంటే చాలాకాలం దాకా జవాబు లేదు.

ఆ జవాబు 2001 నవంబర్ 18న జెమిని టీవీలో మొదలైంది. పేరు 'అమృతం'. గుణ్ణం గంగరాజు గారి జస్ట్ యెల్లో సంస్థ తీసింది. సరిగ్గా ఆరేళ్ళకి, 2007 నవంబర్ 18న, 313 ఎపిసోడ్లతో ముగిసింది. మొదటి ఎపిసోడ్లు తీసిన చంద్రశేఖర్ యేలేటి గారితోనే అదే సంస్థ 2003లో 'ఐతే' సినిమా తీసింది. పాట సిరివెన్నెల గారు రాస్తే కట్టి, పాడింది కీరవాణి గారి తమ్ముడు కళ్యాణి మాలిక్. ఆ కుటుంబానికే చెందిన ఎస్.ఎస్. కాంచి గారు రాయటం, తీయటం రెండూ చూసుకున్నారు. సర్వర్ సర్వంగా వేసిన వాసు ఇంటూరి కూడా కొన్ని ఎపిసోడ్లకి దర్శకుడే. అంటే మనుషుల్ని పంచుకోవటంలో ఇది కూడా పాత పద్ధతే.

తేడా ఎక్కడంటే, అమృతరావు పాత్రని ముగ్గురు వేశారు. ముందు శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. మనిషి మారాడు, పాత్ర మారలేదు! నటుడు లేకపోతే పాత్రే లేదనుకునే మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. అమృత విలాస్ హోటలు, ఇంటి ఓనరు అప్పాజీ, వంకర ఐడియాల ఆంజనేలు.. ఇవన్నీ కుర్చీలో ఎవరు కూర్చున్నా నిలబడే పాత్రలు. ఆంజనేలుగా మాత్రం మొదటినుంచీ చివరిదాకా ఒక్కరే, గుండు హనుమంతరావు గారు. ఆయన 1956లో బెజవాడలో పుట్టి, నాటకాలాడి, 'అహ నా పెళ్ళంట'తో సినిమాల్లోకి వెళ్ళి, ఆ తర్వాత టీవీకి వచ్చిన మనిషి. 2018 ఫిబ్రవరి 19న పోయినప్పుడు, వందల సినిమాల్లో నటించిన ఆయన్ని జనం తలుచుకున్నది అంజిగానే. సినిమా వేషాలన్నిటినీ ఒక టీవీ పాత్ర మింగేసింది. మన దగ్గర అంతకుముందు అలా జరిగింది చాలా తక్కువ.

2014లో 'చందమామలో అమృతం' సినిమా వచ్చింది. 2020 ఉగాదికి జీ ఫైవ్ లో 'అమృతం ద్వితీయం' మొదలైంది, అంజి పాత్ర ఎల్.బి. శ్రీరామ్ గారు వేశారు. ఇవి మొదటిదానంత బాగున్నాయా లేదా అన్నది వేరే సంగతి. అసలు అలా వెనక్కి తిరిగి చూడటం కుదరటానికి ఒకే కారణం, పాత ఎపిసోడ్లు అందుబాటులో ఉండటం. యూట్యూబ్ లో దొరకబట్టే హైదరాబాద్ పీజీలో ఉన్నవాడూ, డల్లాస్ లో ఉన్నవాడూ అన్నం తింటూ ఒక ఎపిసోడ్ పెట్టుకున్నారు. ప్రసారమప్పుడు పుట్టనివాళ్ళు కూడా అప్పాజీని అనుకరించగలిగారు. పాయింటర్ కి అటువైపు మెమరీ మిగిలింది.

ఇక 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో 'జబర్దస్త్', మరుసటి ఏడాది 'ఎక్స్ ట్రా జబర్దస్త్'. తీసింది మల్లెమాల సంస్థ. ఒకే సంస్థ, ఒకే ఛానెల్, వారం వారం అదే జట్టు. ఎన్.బి.సి. వాళ్ళకి ఎలాంటి పరిస్థితో వీళ్ళకీ అలాంటిదే. అందుకే ఇక్కడ చుట్టరికాలు బాగా పెరిగాయి. సుధీర్, రష్మి జంట జబర్దస్త్ నుంచి అదే ఛానెల్లోని డాన్సు షో 'ఢీ'కి వెళ్ళింది. అక్కడి జోకు ఇక్కడ, ఇక్కడి అలక అక్కడ. స్కిట్ లో పక్క టీముమీద పంచ్ లు, జడ్జీలైన నాగబాబు, రోజాల మీదా పంచ్ లే. అయినా చూడండి, ప్రయాణించింది పాత్రలు కాదు, మళ్ళీ మనుషులే! సుడిగాలి సుధీర్, హైపర్ ఆది, రాకెట్ రాఘవ, గెటప్ శ్రీను.. ఈ పేర్ల ముందు మాటలు చూస్తే 1982 నాటి 'సుత్తి' గుర్తుకు రావటంలేదూ?

ఈ పద్ధతిలో మంచి ఏంటంటే, మనిషి తన పేరు పట్టుకుని బయటికి నడవగలడు. 2019 చివర్లో నాగబాబు గారు జీ తెలుగుకి వెళ్ళి 'అదిరింది' మొదలుపెట్టినప్పుడు చమ్మక్ చంద్ర లాంటివాళ్ళు కూడా వెళ్ళారు. జట్టు పేర్లు, సెట్టు మారాయి, 'చమ్మక్' మాత్రం ఆయనతోనే ఉంది. జబర్దస్త్ లో టీము నడిపిన వేణు 2023లో 'బలగం' సినిమా తీసి అందరిచేతా కంటతడి పెట్టించాడు. స్కిట్ లో పాత్రకే కట్టుబడి ఉంటే ఈ స్వేచ్ఛ ఉండేది కాదేమో.

నష్టం ఏంటంటే, మనిషి వెళ్ళిపోతే పని కూడా వెళ్ళిపోతుంది. ఫ్రేజియర్ అనే పాత్ర 1984లో 'ఛీర్స్'లోకి వచ్చి, తన పేరుతోనే సొంత సీరియల్ పెట్టుకుని 2004 దాకా నడిచింది. ఆ సీరియల్ చూసినవాడు ఛీర్స్ వెతుక్కుంటాడు, దొరుకుతుంది. మన దగ్గర ధర్మవరపు గారి అభిమాని 'ఆనందో బ్రహ్మ' అని వెతికితే ముందు కనపడేది అదే పేరుతో 2017లో వచ్చిన దయ్యాల సినిమా! పేరు మిగిలింది, దాని వెనక ఉన్న నవ్వు మిగల్లేదు.

మనం పొద్దున్న లేస్తే బ్యాకప్ అంటాం, వెర్షన్ కంట్రోల్ అంటాం, ఎవడో పదేళ్ళ క్రితం రాసిన కోడ్ పోతే కంగారుపడతాం. మన అమ్మానాన్నలు ఏ కార్యక్రమం చూసి ఏ మాటకి పడీ పడీ నవ్వారో దానికి మాత్రం కాపీ ఉందా అని అడగం. అమృతం మిగలటం వల్ల తెలుగు టీవీకి ఒక అంజి మిగిలాడు. అంతకుముందు ఎంతమంది అంజిలు ఉండేవారో అప్పట్లో చూసినవాళ్ళకే తెలుసు. మీ ఇంట్లో అలాంటివాళ్ళు ఉంటే ఈసారి ఊరెళ్ళినప్పుడు కూర్చోబెట్టి అడగండి, ఫోన్ లో రికార్డు చేసుకోండి. ప్రస్తుతానికి మనకున్న బ్యాకప్ సర్వర్లు వాళ్ళే.