చెస్టర్ బౌల్స్: ఒక ఉదారవాది కొలువు

అమెరికా ప్రభుత్వం పంపిన ప్రతి మనిషినీ ఒకే మూసలో పోసి చూడటం మనకు అలవాటు. జాన్ ఫాస్టర్ డల్లెస్ వంటివాడి విషయంలో ఆ మూస సరిగ్గానే సరిపోతుంది; అటువంటివాడు చరిత్ర విద్యార్థికి పెద్దగా పని కల్పించడు. శ్రమపడి చదవవలసింది మంచివాడి చరిత్ర. చెస్టర్ బౌల్స్ మంచివాడు. ఈ మాట నేను ఎగతాళికి అనడం లేదు. 1951 నుంచి 1953 వరకు ఒకసారి, 1963 నుంచి 1969 వరకు మరొకసారి ఢిల్లీలో అమెరికా రాయబారిగా పనిచేసిన ఈ మనిషి ఆసియా ప్రజల పేదరికాన్ని కళ్ళారా చూశాడు, చూసి బాధపడ్డాడు. ఆ బాధ ఎవరికి ఏ విధంగా ఉపయోగపడిందో తేల్చుకోవాలన్నదే నా ఉద్దేశం.

బౌల్స్ 1901లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డులో పుట్టాడు. తాత శామ్యూల్ బౌల్స్ బానిసత్వాన్ని వ్యతిరేకించిన పత్రికా సంపాదకుడు. మనవడు యేల్ విశ్వవిద్యాలయంలో చదివి, విలియం బెంటన్ అనే స్నేహితునితో కలిసి 1929లో వ్యాపార ప్రకటనల కంపెనీ పెట్టాడు. అదే ఏడు వాల్ స్ట్రీటు కూలింది. దేశం దేశమే రొట్టె కోసం బారులు తీరిన ఆ రోజుల్లో బౌల్స్ రేడియోలో కాఫీ పొడి అమ్మి లక్షలు గడించాడు. ఆ తరువాత ఢిల్లీలోనూ సరుకు అమ్ముకోవడానికే వచ్చాడని చాలామంది ఎద్దేవా చేశారు. ఆ ఎత్తిపొడుపు వినడానికి బాగానే ఉంటుంది కాని, దానితో మనిషి అర్థం కాడు. ఎందుకంటే మధ్యలో యుద్ధకాలపు ధరల శాఖ ఒకటి ఉంది.

1943లో రూజ్‌వెల్ట్ అతన్ని ధరల నియంత్రణ శాఖకు అధిపతిగా నియమించాడు. మాంసం, చక్కెర, చెప్పులు, ఇంటి అద్దె — వీటన్నిటికీ ధర కట్టడం, రేషను కార్డులు నడపడం, ఊరూరా సామాన్య పౌరులతో ధరల బోర్డులు వేసి దుకాణదారుల మీద నిఘా పెట్టించడం ఆ శాఖ పని. యుద్ధం ముగిసేసరికి వస్తూత్పత్తిదారుల సంఘం నియంత్రణ ఎత్తివేయాలని లక్షలు కుమ్మరించి ప్రచారం సాగించింది. బౌల్స్ ఎదురు నిలిచాడు. నియంత్రణ పోతే కూలివాడి జేబు ఖాళీ అవుతుందని రేడియోలో జనానికి నేరుగా చెప్పాడు. కాంగ్రెసు ఆ చట్టాన్ని నీరుగార్చింది. 1946 జూన్‌లో బౌల్స్ రాజీనామా ఇచ్చాడు. ఆ నెలాఖరుకు నియంత్రణ గడువు తీరిపోయింది, ధరలు భగ్గుమన్నాయి. ఒక పెట్టుబడిదారీ దేశంలో మార్కెట్టుకు ముకుతాడు వెయ్యడం సాధ్యమేనని ఆచరణలో నిరూపించి, ఆ నిరూపణ కారణంగానే ఓడిపోయిన మనిషితడు. అతని జీవితంలో నాకు అన్నిటికన్న గౌరవం కలిగించే ఘట్టం ఇదే. కనెక్టికట్ గవర్నరుగా ఉన్న రెండేళ్ళలోనూ (1949–51) పేదల ఇళ్ళ కోసం, నీగ్రోలకు జాతీయ సైన్యదళంలో సమాన స్థానం కోసం పాటుపడ్డాడు. 1950 ఎన్నికల్లో ఓడిపోయాడు.

ఆ ఓడిన మనిషిని ట్రూమన్ ఢిల్లీకి పంపాడు.

1951 చివరి నెలల సంగతి మన పాఠకులకు చెప్పనక్కరలేదు. తెలంగాణా సాయుధ పోరాట విరమణ ఆ అక్టోబరులోనే జరిగింది. వెనువెంటనే మొదటి సార్వత్రిక ఎన్నికలు. నల్లగొండలో రావి నారాయణరెడ్డి నెహ్రూకన్న ఎక్కువ ఓట్లతో గెలిచాడు. మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు మెజారిటీ కోల్పోయింది. కొత్తగా వచ్చిన రాయబారి ఈ ఫలితాలను శ్రద్ధగా చదివాడు. వాషింగ్టన్‌లోని పెద్దలకు కనిపించనిది అతనికి కనిపించింది: కమ్యూనిజం మాస్కోనుంచి పెట్టెల్లో రాదు, భూమిలేనివాడి గుడిసెలో పుడుతుంది. పిల్లల్ని ఢిల్లీ బడిలో చేర్చాడు. వాళ్ళు సైకిళ్ళ మీద బడికి పోయేవారు. ఊళ్ళు తిరిగాడు. 1952 జనవరిలో సాంకేతిక సహకార ఒడంబడిక కింద 5 కోట్ల డాలర్లు తెప్పించాడు. ఆ అక్టోబరు 2న 55 సమష్టి వికాస ప్రాజెక్టులు మొదలయినవి.

ఇక్కడ కొంచెం ఆగాలి. రోగనిర్ణయం సరిగ్గా చేసిన వైద్యుడు మందు మాత్రం మార్చి ఇచ్చాడు. రోగం భూమి, ఇచ్చినది బావి, రోడ్డు, మేలురకం విత్తనం, గ్రామసేవకుడు. బౌల్స్‌కు భూసంస్కరణ అవసరం తెలియకపోలేదు; జపానులో భూపంపకానికి తోడ్పడిన వూల్ఫ్ లడెజిన్‌స్కీ 1952లో ఇక్కడికి వచ్చి కౌలుదారుల దుస్థితి పరిశీలించాడు. (అదే లడెజిన్‌స్కీని 1954లో అమెరికా వ్యవసాయశాఖ ప్రమాదకర వ్యక్తిగా ముద్రవేసి వెళ్ళగొట్టింది. భూమి పంచాలన్న మాట కమ్యూనిజాన్ని ఆపడానికి అన్నా అక్కడ నేరమే!) కాని భూసంస్కరణ ఢిల్లీలోని పాలకవర్గం చెయ్యవలసిన పని, ఆ వర్గానికి ఊళ్ళలో అండ భూస్వాములు. ఆ ముడి విప్పడం రాయబారి చేతిలో లేదు. వికాస పథకం ఆ ముడిని తాకకుండా దాటిపోయింది. ప్రజల్లో చొరవ పుట్టించలేకపోయిందని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘమే తేల్చింది. 1960 తరువాత ఫోర్డు ఫౌండేషన్ అండతో సాంద్ర వ్యవసాయ పథకం పశ్చిమ గోదావరి జిల్లాకు వచ్చినప్పుడు దారి మరీ తేటపడింది: నీరూ పొలమూ ఉన్నవాడికి ఎరువు, అప్పు, లేనివాడికి కూలి.

1953లో ఐసెన్‌హోవర్ ప్రభుత్వం బౌల్స్‌ను వెనక్కి పిలిచింది. పాకిస్తానుకు ఆయుధాలివ్వడం తప్పని అతను వాదించాడు, 1954లో ఇచ్చారు. కెన్నెడీ గెలిచాక 1961లో విదేశాంగ శాఖలో రెండో స్థానం దక్కింది. అప్పుడు వచ్చింది క్యూబా పరీక్ష. దండయాత్ర సన్నాహాలు తెలియగానే, మార్చి 31న, అది నీతి దృష్ట్యానూ చట్టం దృష్ట్యానూ తప్పని తన పైవాడైన డీన్ రస్క్‌కు లేఖ రాశాడు. అంతవరకే. ఏప్రిల్ 17న కిరాయి దళం పిగ్స్ అఖాతంలో దిగింది. మూడు రోజుల్లో చిత్తయింది. బౌల్స్ ముందే కాదన్నాడన్న సంగతి పత్రికల్లోకి పొక్కింది. తప్పు చేసినవాళ్ళు పదవుల్లో నిలిచారు, తప్పని చెప్పినవాణ్ణి నవంబరులో తప్పించారు. ఈ ప్రభుత్వానికి మంచిచెడ్డల మీద నిలకడ అయిన నమ్మకం ఉందా అని అతను తన సొంత రాతల్లో సందేహపడ్డాడు. మా విద్యార్థులు తరచు అడుగుతారు: అప్పుడే రాజీనామా ఇచ్చి బయట ఎందుకు చెప్పలేదని. 1946లో ఇచ్చినవాడే కదా! నాకు తోచే సమాధానం ఒకటే. 1946లో అతని వెనుక రేషను కార్డు పట్టుకున్న జనం ఉన్నారు. విదేశాంగ శాఖలో అతని వెనుక ఎవరూ లేరు. గది లోపల ఉంటేనే ఏదన్నా చెయ్యగలనని నమ్మాడు.

ఆ నమ్మకంతోనే 1963లో రెండోసారి ఢిల్లీకి వచ్చాడు. వచ్చేసరికి కాలం మారింది, ఒంట్లో పార్కిన్‌సన్ వ్యాధి మొదలయింది. 1965–66 కరువుల్లో జాన్సన్ ప్రభుత్వం పి.ఎల్. 480 గోధుమలను నెలనెలా లెక్కపెట్టి వదిలింది. వ్యవసాయ విధానం మార్చాలన్న షరతు ఒకవైపు, వియత్నాం మీద నోరు మూసుకోవాలన్న ఒత్తిడి మరోవైపు. 1966లో మనం సుమారు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకున్నాం. ఆ జూన్‌లోనే రూపాయి విలువ డాలరుకు 4.76 నుంచి 7.50కి పడింది. ఆకలితో బేరమాడవద్దని బౌల్స్ తంతి మీద తంతి పంపాడు. వాషింగ్టన్‌లో అతన్ని భారతదేశపు వకీలని విసుక్కున్నారు. కాని ఇక్కడి మంత్రుల ఎదుట ఆ షరతులు మోసుకొచ్చిన గొంతు కూడా అతనిదే. మరొక రాయబారి అయితే మన పాలకులు ఒకింత బిగుసుకునేవారేమో! మిత్రుని ముఖం చూసి మెత్తబడ్డారనుకుంటాను.

1968 జనవరిలో వియత్నాం యుద్ధం పొరుగుకు పాకకుండా మాట్లాడి రమ్మని అతన్ని కంబోడియాకు పంపారు. నాంపెన్‌లో సిహానుక్‌తో సంభాషణ జరిగింది. కంబోడియా సార్వభౌమత్వాన్ని అమెరికా గౌరవిస్తుందని బౌల్స్ హామీ ఇచ్చాడు. సరిహద్దు అడవుల్లో ఉన్న వియత్నామీయుల గురించి సిహానుక్ కొన్ని సడలింపు మాటలు అన్నాడు.

1969 మార్చి 18న అమెరికా బి-52 విమానాలు కంబోడియా మీద రహస్యంగా బాంబులు కురిపించడం ప్రారంభించాయి. బౌల్స్ అప్పటికింకా ఢిల్లీలో రాయబారిగానే ఉన్నాడు. 1973లో గుట్టు బయటపడ్డాక, సిహానుక్ సమ్మతి ఉందని చూపడానికి నిక్సన్, కిసింజర్‌ల పక్షం ముందుకు తెచ్చిన సాక్ష్యాల్లో ఒకటి ఆ నాంపెన్ సంభాషణ.