సుడిదోమ: ఎవరిది, ఎక్కడిది?

ఈరోజు బియ్యపు గింజంత కూడా లేని ఒక పురుగు చరిత్ర చెబుతాను.

వరిచేను అక్కడక్కడా సుడులు సుడులుగా ఎండిపోతుంది చూడండి, అందుకే మన రైతులు దీన్ని సుడిదోమ అన్నారు. దోమపోటు అని కూడా అంటారు. నిజానికి ఇది దోమ కాదు. దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన కూర్చుని రసం పీల్చే పురుగు.

1854లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ స్టోల్ దీనికి లూజెన్స్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో దుఃఖించేది అని అర్థం. 1906లో డిస్టంట్ అనే ఆయన నీలపర్వత అనే ప్రజాతిని ఏర్పరిచాడు. రెండూ కలిసి ఇప్పుడు నీలపర్వత లూజెన్స్. అవునండీ, మనకు తెలిసిన మాటే!

గుర్తుపట్టడం ఎలా? రంగు నమ్మకూడదు. ఒకే జాతిలో పొడుగు రెక్కలవీ, పొట్టి రెక్కలవీ ఉంటాయి కాబట్టి రెక్కలూ నమ్మకూడదు. వెనక కాలి పిక్క చివర కదిలే పెద్ద ముల్లు ఉంటే ఈ కుటుంబానిది. దాని కింద పాదం మొదటి కణుపు పక్కన కూడా చిన్న ముళ్లుంటే నీలపర్వత. అక్కడితో అయిపోదు. బకేరి, మ్యూరి అని దీనికి దాయాదులున్నాయి. అవి లీర్సియా అనే గడ్డి మీద బతుకుతాయి, వరి జోలికి రావు. వాటిని వేరు చేయాలంటే మగపురుగు జననాంగాలు చూడాల్సిందే.

ఇంత తంటా ఎందుకంటారా? జపాన్‌లో 1732 కరువుకి కారణం ఇలాంటి దోమలే అంటారు. సానెమోరి అనే యోధుడు వరి మోడు తగిలి పడి చచ్చిపోయి, పగతో పురుగయ్యాడని అక్కడి రైతుల కథ. ఆయన బొమ్మ కట్టి ఊరు దాటించేవాళ్లు. మడిలో తిమింగలం నూనె పోసి, పురుగుల్ని దాంట్లోకి దులిపేవాళ్లు. అది మాత్రం మంచి ఉపాయమే.

అసలు చిక్కు వేరే. ఈ పురుగు అక్కడి చలికాలం తట్టుకోలేదు. మరి ఏటా ఎక్కణ్ణుంచి వస్తోంది? 1967 జూలైలో తీరానికి దాదాపు 500 కిలోమీటర్ల దూరాన, నడిసముద్రంలో ఉన్న వాతావరణ నౌక మీదికి గుంపులుగా వచ్చి పడ్డాయి! సుడిదోమా, తెల్లవీపు దోమా రెండూ. అంటే ఇవి వానకారు గాలుల మీద సముద్రం దాటి వస్తున్నాయి. ఆ తర్వాత వాటి జాడ దక్షిణ చైనా, ఉత్తర వియత్నాం దాకా తీశారు.

1973లో దీన్ని తట్టుకునే ఐఆర్26 వరి వచ్చింది. రెండు మూడేళ్లకే కొన్నిచోట్ల దాన్నీ పీల్చేసే దోమలు తయారయ్యాయి. కాలి ముళ్లు చూసినా, మైక్రోస్కోపు కింద పెట్టినా పాతవాటికీ వీటికీ నమ్మకంగా తేడా చెప్పలేం. ఏ రకం వరి మీద బతికి పిల్లలు పెడుతుందో చూసే చెప్పాలి.